హేండిల్ మీద ఫోను, వెనక అట్టపెట్టె

సైకిల్ హేండిల్‌కు ఒక ఫోను బిగించినంత మాత్రాన వంశం పరువు పోతుందా అని మీరు అడగవచ్చు. పోతుంది. నేనే పోగొట్టాను. బిగించడానికి ఒక పూట పట్టింది; పోవడానికి అంతసేపు కూడా పట్టలేదు.

మాది అనకాపల్లిలో పెద్దమిద్దె వారి కుటుంబం. ఈ మాట చదివి మీరు లేచి నిలబడకపోయినా నేనేమీ అనుకోను. ఈ మధ్య ఎవరూ నిలబడడం లేదు. మిద్దె అమ్ముడుపోయి అక్కడ ఫంక్షన్ హాలు వెలిసింది. ఓడలు బళ్ళవుతాయంటారు. మా తాతగారి గుర్రబ్బండి నాన్నగారి కాలానికి పాత కారయింది, నా కాలానికి సైకిలయింది. పోయినవి పోగా మాకు రెండు నియమాలు మిగిలాయి. పెద్దమిద్దెవాడు దారి అడగడు. తన పేరు తాను చెప్పుకోడు. పూర్వం దారి చూపడానికి ఒకడు, పేరు చాటడానికి ఒకడు మా ముందు నడిచేవారట. జీతాలు అందక వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. నియమాలకు జీతం అక్కర్లేదు కనుక అవి ఉండిపోయాయి.

ఇంకొకటి కూడా మిగిలింది. అది తొలి దిమ్మ. దేవరాపల్లి వెళ్ళే దారిలో, పెద్దరోడ్డు వదిలి లోపలికి పోతే, ఒకప్పుడు మా చెరకు తోటలున్న ఊరు ఉంది. పేరు చెప్పను; వాళ్ళు కూడా చదవడం నేర్చారు. ఏటా కొత్త చెరకు ఆడి, రసం కాచిన మొదటి పెనం దించగానే, మొదటి బెల్లం దిమ్మ మా ఇంటివాడి చేతిలో పెడతారు. వాడు ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని "తీపి" అనాలి. అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ కొత్త బెల్లం ముట్టరు. భూములు చేతులు మారినా ఈ మర్యాద మారలేదు. అయితే నాన్నగారు పోయాక కొన్నేళ్ళపాటు మా ఇంటి నుంచి ఎవరూ వెళ్ళలేదు. ఈ కథ జరిగిన ఏడు కబురొచ్చింది: ఈసారీ రాకపోతే వచ్చే ఏటి నుంచి తొలి దిమ్మ సర్పంచి గారికి.

మా సుందరత్త, అంటే నాన్నగారి అక్కగారు, ఇంటి పరువుకు కాపలాదారు. నన్ను ఎదురుగా నిలబెట్టి మెల్లగా చెప్పింది. "మిద్దె పోయింది, పొలం పోయింది. ఆ దిమ్మ కూడా పోతే ఇంక మనం ఏటిరా? అద్దె కట్టుకునే మనుషులం, అంతే."

బస్సులో వెళ్ళవచ్చు కదా అంటారా? బస్సులో వెళితే కారు లేక వెళ్ళాడంటారు. సైకిల్ మీద వెళితే ఆరోగ్యం కోసం వెళ్ళాడంటారు. తేడా గ్రహించండి. చిక్కల్లా దారితోనే. చిన్నప్పుడు కారు వెనక సీట్లో నిద్రపోతూ వెళ్ళినవాణ్ణి, నాకు దారేం తెలుస్తుంది? అడగకూడదాయె. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గాని, నోరు మూసుకున్నవాడికి ఊరు ఎలా దొరుకుతుందో ఏ పెద్దమనిషీ చెప్పలేదు. అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. ఫోనును హేండిల్‌కు బిగించే స్టాండు కొన్నాను.

దాని క్లాంపు లావు, నా హేండిల్ సన్నం. మధ్యలో కూరడానికి మందపాటి గుడ్డ కావాలంటే ఇంట్లో దొరికింది తాతగారి పట్టు కండువా అంచు ఒక్కటే. కూరి, స్క్రూలు బిగించాను. ఫోను చీవాట్లు తిన్న గుమస్తాలా తల వేలాడేసింది. విప్పి మళ్ళీ బిగించాను. ఈసారి పక్కకు తిరిగి వీధిలోకి చూసింది. గుమ్మంలో కూర్చున్న అత్త, అది నా మాట వినడం లేదనీ, నాన్నగారైతే కళ్ళతోనే బిగించేవారనీ అంది. కళ్ళతో స్క్రూలు బిగించే విద్య నాకు రాదని నేనన్నాను. చివరికి నడుము వంచకుండా, తల దించకుండా కనబడేలా దాన్ని నిటారుగా నిలబెట్టాను. మేం తల వంచం. మా ఫోనూ వంచదు.

ఒట్టి చేతులతో వెళ్ళకూడదు కదా. ఊరి పెద్దకు పంచె, కొబ్బరికాయ, తాంబూలం పట్టుకెళ్ళాలి. వెండి పళ్ళెం ఎప్పుడో కరిగిపోయింది కనుక అత్త వాటిని మిక్సీ వచ్చిన అట్టపెట్టెలో సర్ది, చుట్టూ టేపు వేసి, వెనక కేరియర్‌కు తాడుతో కట్టింది. ఇప్పుడు మీరు నన్ను కాస్త దూరం నుంచి చూడండి. సైకిలు, హేండిల్ మీద ఫోను, వెనక టేపు వేసిన పెట్టె. మీకు అర్థమైపోయింది. నాకు కాలేదు.

ఊరు దాటగానే ఒక ఇల్లాలు చీపురు అడ్డం పెట్టి నన్ను ఆపింది. మా పాత రైతుల ఇంటావిడెవరో నన్ను గుర్తుపట్టిందని మురిసిపోయి సైకిల్ దిగాను.

"కుక్కరు రబ్బరు తెచ్చేవా బాబూ?"

తేలేదన్నాను. నాలుగు రోజులుగా అన్నం పలుకు పలుకుగా ఉడుకుతోందనీ, మీ కంపెనీ వాళ్ళకు జాలి లేదనీ తిట్టింది. కంపెనీ తరఫున నిలబడి తిట్లు తిన్నాను. ఇంకాస్త ముందుకు పోయాక మోటారు సైకిల్ మీద పెద్ద సంచీతో ఒక నిజమైన పార్సిల్ మనిషి పక్కకు వచ్చి, నా చక్రాల వంక చూసి నిట్టూర్చాడు.

"సైకిల్ మీద పంపిత్తన్నారేటి బావా నిన్ను? మరీ అన్యాయం. పెట్రోలు కూడా ఇవ్వట్లేదా?"

నేను వెన్ను మరింత నిటారుగా చేశాను. పాపం, నడుము నొప్పి కూడా ఉన్నట్టుందని వాడే అనుకుని వెళ్ళిపోయాడు. అంతలో ఫోనులోని ఆవిడ ఎడమకు తిరగమంది. తిరిగాను. కాలవ గట్టు వచ్చింది. గట్టు మీద గేదెలున్నాయి. అవి కూడా దారి ఇచ్చే అలవాటు మరిచిపోయాయి. గట్టు అయిపోయాక ఆవిడ నన్ను చెరకు తోటలోకి దూరమంది. కాస్త దూరాక ఎటైనా ఒక దిక్కుకు వెళ్ళమంది. అక్కడ పని చేస్తున్న ఒకాయన దారి చెబుతానన్నాడు. అక్కర్లేదన్నాను. మీకు కోపం వస్తోందా? నాకు ఇప్పటికీ వస్తోంది.

చెరకు ఆకు గీతలతో, పొద్దు బాగా వాలాక, వాసన పట్టుకుని గానుగ పాక దగ్గరికి చేరాను. మొదటి పెనం దించేశారు. తాటాకు చాప మీద తొలి దిమ్మ బంగారంలా ఉంది. చుట్టూ ఊరంతా నోరూరించుకుంటూ కూర్చుంది. సర్పంచి గారు తెల్లచొక్కాలో సిద్ధంగా ఉన్నారు. పేరు చాటే మనిషి లేని లోటు తీరుస్తూ నా ఫోను, "మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు" అని గట్టిగా ప్రకటించింది. అందరూ తిరిగి చూశారు. ఊరి పెద్ద అప్పలనాయుడు లేచి వచ్చాడు. నేను గడ్డం పైకెత్తాను.

"ఎవులికి బాబూ పార్సిలు?"

"మీకే" అన్నాను, ఆ ఒక్క మాటలో మా వంశమంతా వినబడేలాగ.

"నానేటీ ఆర్డరెట్టనేదే. ఒలే కోడలా, నువ్వేటైనా ఎట్టేవేటి?"

తనకు ఓటీపీ రాలేదని కోడలు పాకలోంచే చెప్పింది. ఎవరిదో తర్వాత చూద్దామని నాయుడు తాడు విప్పించి పెట్టెను దించి పక్కన పెట్టించాడు. నేను కదలలేదు. ఎవరో ఒకరు గుర్తుపట్టి "బాబుగారు" అనకపోతారా అని చూస్తున్నాను. సంతకం కోసం నిలబడ్డానని నాయుడికి తోచింది. తిన్నగా హేండిల్ దగ్గరికి వచ్చి, ఫోను మీద వేలితో తన పేరంతా రాశాడు. ఆ దెబ్బకు మ్యాపు విశాఖ దాటి సముద్రంలోకి పోయింది.

తర్వాత ఆయన దారి వంక మరోసారి చూసి, జనం వైపు తిరిగాడు.

"పెద్దమిద్దోళ్ళు ఇంక రారు. ఈ ఒక్క ఏడూ దిమ్మ ఆళ్ళింటికంపేద్దారి. వచ్చే ఏటి మాట సర్పంచిగారు సూసుకుంటారు."

"మరి రుసి ఎవులు సూత్తారు మావా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఊళ్ళో ఎవుడు సూసినా రేపు తగువే. ఊరుకాని ఊరోడు సూత్తే తగువు నేదు. ఇలా రా బాబూ."

ముక్క విరిచి నా చేతిలో పెట్టాడు. ఒక్క మాట చెబితే చాలు, నేను ఫలానా అని. కాని చెబితే ఊరు నవ్వుతుంది, నవ్వకపోతే జాలిపడుతుంది. రెండోది మరీ ఘోరం. పైగా నియమం ఉండనే ఉంది. ముక్క నోట్లో వేసుకున్నాను. వెన్ను నిటారుగా పెట్టి, నాన్నగారు అన్నట్టే, "తీపి" అన్నాను. ఊరంతా చేతులు చాపింది. నాయుడు దిమ్మను గుడ్డలో కట్టి నా కేరియర్ మీద పెట్టి, అనకాపల్లిలో పెద్దమిద్దె వారింట జాగ్రత్తగా ఇమ్మన్నాడు. ఇల్లు తెలియకపోతే సిగ్గుపడకుండా ఎవరినైనా అడగమన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త ఫోను పట్టుకుని ఉంది. అవతల నాయుడు. స్పీకర్లో మాటలు వీధిలోకి వినబడుతున్నాయి.

"పెట్టె ఇప్పి సూసేవమ్మా. పంచె, కొబ్బరికాయి సూడగానే మీ ఇంటివేనని తెలిసింది. మనిసి రాకపోయినా మర్యాద మరవనేదు మీరు. సర్పంచిగారు కూడా ఒప్పుకున్నారు, ఇంక ఏటా ఇలాగే సేద్దారి. మీరు పంచె పంపండి, మేం దిమ్మ పంపుతాం. ఆ కుర్రోడ్నే పంపండి. తీపి అన్నాడు సూడండి, రాజులాగన్నాడు. ఎవులి బిడ్డో గాని మంచి వంసంలోవోడిలాగున్నాడు. పాపం, ఏటి కస్టమొచ్చిందో."

అత్త ఫోను పెట్టేసి నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. దిమ్మ అందుకుంది. నేను బయటికి వెళ్ళి స్టాండు విప్పేశాను.

ఇందుమూలంగా నేను మా పెద్దల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో సైకిల్ హేండిల్‌కు దారి చూపే ఏ వస్తువూ బిగించను. ఏడాదికి ఒక్క తొలి దిమ్మ రోజు తప్ప. మరుసటి ఏడు అది లేకుండా వెళితే, నువ్వెవులు బాబూ అని అడిగారు.