సంపత్కుమార్ సెల్లుల వైద్యం

సంపత్కుమార్‌కు ఒకటే పిచ్చి. అయిపోయిన సెల్లును అయిపోయిందని ఒప్పుకోడు. టార్చిదైనా రేడియోదైనా, చచ్చిన సెల్లు కంటబడితే జేబులో వేసుకొచ్చి మిద్దె మీద ఎండబెట్టేవాడు. తిరుపతి ఎండకు మనుషులు సొమ్మసిల్లుతారు గానీ, సెల్లులు లేచి కూర్చుంటాయని ఆయన నమ్మకం.

ఆయన దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. భార్య రంగనాయకికి ఆ మిద్దె వడియాలకు కావాలి.

"నా వడియాల పక్కన ఈ శవాలేందండీ?"

"శవాలు కాదే, నిద్రపోతా ఉండాయి. లోపల జింకుకూ మందుకూ జగడం నడిస్తేనే కరెంటు. ఆ జగడం మధ్యలో ఆగింటాది. ఎండ తగిల్తే మళ్ళీ మొదలు."

"జగడమే కావాలంటే నేను చాలనా?"

నిజానికి అప్పుడప్పుడూ ఒక సెల్లు లేచేది. రేడియోలో పల్లవి వినిపించి, చరణం దగ్గర మూలిగి ఆగిపోయేది. ఆ పల్లవినే ఆయన వీధంతా చెప్పుకునేవాడు.

బావమరిది పెళ్ళిచూపులకని చిత్తూరు వెళ్ళి, పిల్లను చూడకుండా వాళ్ళ గూట్లోని టార్చి విప్పి పెరట్లో సెల్లులు ఎండబెట్టి వచ్చాడు. "సంబంధం ఏమైందప్పా?" అని ఆఫీసులో జయరావు అడిగితే, "ఒకటి లేచింది, రెండోది లేవలేదు" అన్నాడు.

పక్కవాటాలో భారతమ్మవ్వ ఒంటరిగా ఉండేది. పూలు కట్టి బతికేది. గ్లాసు మజ్జిగ ఇచ్చినా మూరెడు పూలు చేతిలో పెట్టందే తాగదు. ఆమెకు తోడు ఒక పాత రేడియో. దాని సెల్లులు అయిపోతే సంపత్కుమార్ పట్టుకెళ్ళి, ఎండబెట్టి తెచ్చిచ్చేవాడు. అవి నెలల తరబడి పాడేవి.

"సామి చేతిలో అమృతం ఉండాది!" అనేది అవ్వ.

మనింట్లో మూలిగేవి అవ్వ ఇంట్లో ఎట్లా పాడుతున్నాయని రంగనాయకికి అనుమానం.

ఒక మధ్యాహ్నం సెల్లు కారి, నల్లటి మందు వడియాల మీద పడింది. అన్నీ ఊడ్చి పారేద్దామని ఆమె చీపురుతో మళ్ళీ మిద్దెక్కింది. నీళ్ళతొట్టి వెనక సంపత్కుమార్ గొంతుక్కూర్చుని, ధగధగా మెరిసే కొత్త సెల్లులకు బూడిద రుద్దుతున్నాడు.

"ఇదేం చోద్యమండీ? లోకం పాతవి తోమి కొత్తవి చేస్తాది. మీరు కొత్తవి పాతవి చేస్తా ఉండారే!"

"మెల్లగా! అవ్వకు వినిపిస్తాది. జింకంతా తినేసినాక ఎండేం చేస్తాదే? కొత్తవి కొనిస్తే ఆమె తీసుకోదు. ఆ రేడియో ఆగితే ఆ ఇంట్లో ఇంకో గొంతు లేదు."

రంగనాయకి చీపురు పక్కన పెట్టి, ఆయన చేతిలోని సెల్లు లాక్కుంది. "బూడిద నిలవదు. కాటుక తెస్తా ఉండండి" అంది.

నాలుగురోజులకు అవ్వ తన చెల్లెలి కొడుకు వెంకటమునిని వెంటబెట్టుకొచ్చింది. అతను మిల్లులో కాపలాదారు. భుజాన గోనెసంచి నిండా టార్చి సెల్లులు.

"నా సెల్లుల మాదిరే వీటినీ లేపు సామీ!"

సంపత్కుమార్ సంచి వైపోసారి, భార్య వైపోసారి చూశాడు. రంగనాయకి ముందుకొచ్చింది.

"నీదే నక్షత్రం నాయనా?"

"రోహిణమ్మా."

"అయ్యో! మా ఆయన చేతికి కృత్తికలో పుట్టినోళ్ళ సెల్లులే లేస్తాయి."

వెంకటముని నిట్టూర్చి సంచి ఎత్తుకున్నాడు. అవ్వ మాత్రం కదల్లేదు. ముఖం వెలిగిపోతోంది.

"అయితే నాది కృత్తికన్నమాట! మా నాయన గూడా చెప్పకుండా పోయినాడు. రేపే గుడికి పోయి ఆ నక్షత్రం మీద అర్చన చేయించుకుంటా!"