పట్టుచీరల పరుపు

మార్కాపురంలో నేను పనిచేసే బట్టల దుకాణంలో పట్టుచీరలు పై అంతస్తులో ఉంటాయి. అక్కడ నేలంతా తెల్లదుప్పటి పరిచిన పరుపు. అమ్మేవాళ్ళు దాని మీద కూర్చునే చీరలు చూపిస్తారు. కింది అంతస్తులో నైటీలు, లోపలి లంగాలు, జాకెట్టు ముక్కలు. అక్కడ ఆడపిల్లలకు కుర్చీ ఉండదు. పొద్దున దుకాణం తెరిచినప్పుడు నిలబడితే మళ్ళీ షట్టరు దించేదాకా నిలబడే ఉండాలి. డిగ్రీ చదివిన పిల్లవి, జీవితంలో ఏం కోరుకున్నావని ఎవరన్నా అడిగితే, కూర్చోవాలని కోరుకున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. కాళ్ళు వాచినవాళ్ళు మాత్రం నవ్వరు.

మాది కొనకనమిట్ల వైపు పల్లె, చర్చికి పోయే కుటుంబం. అమ్మ కూలికి పోతుంది. దుకాణంలో ఆడపిల్లలకు బొట్టు తప్పనిసరి కాబట్టి, బస్సులో ఒక స్టిక్కర్ పెట్టుకునేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు తీసి ముందు సీటు వెనక అంటించేదాన్ని. "దేవుడు నొసలు చూస్తాడా, మనసు చూస్తాడు గాని" అని అమ్మ ఊరుకుంది. ఆపాటి సర్దుబాట్లు నాకూ కష్టమనిపించలేదు.

పైకి వెళ్ళే అదృష్టం నా తెలివి వల్ల రాలేదు, నా రంగు వల్ల వచ్చింది. పెళ్ళిచీర పరిచి చూపిస్తే సరిపోదు. అమ్మే పిల్ల కుచ్చిళ్ళు పెట్టుకుని, కొంగు భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడాలి. పెళ్ళికూతురు ఏ బెంగళూరులోనో ఉద్యోగంలో ఉండి వీడియో కాల్‌లో చూస్తుంటుంది. ఆమె ఒంటిరంగుకు దగ్గరగా ఉన్న పిల్ల కావాలి. పైన ఉన్నవాళ్ళందరూ తెల్లటివాళ్ళు. "మా పిల్లకు ఇట్ల కనపడదులే" అని చామనఛాయ పిల్లల తల్లులు లేచిపోతున్నారు. అప్పుడు మా ఓనరుకు నేను గుర్తొచ్చాను.

"పైకి రామ్మా, నీ రంగుతో పని పడింది" అన్నాడు. మర్యాద తెలిసిన మనిషి. మమ్మల్నందరినీ అమ్మా అనే పిలుస్తాడు. మేము ఆయన్ని అన్నా అంటాం.

రంగుతోనైతేనేం, కూర్చున్నాను. మొదటిరోజు మధ్యాహ్నం పరుపు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నప్పుడు, ఇంతకాలం నా కాళ్ళు నావి కావేమో అనిపించింది. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను కూడా. ఇక ఏమైనా సరే ఆ చోటు పోగొట్టుకోకూడదనుకున్నాను.

నెల తిరగకముందే కనిగిరి నుంచి ఒక పెళ్ళివాళ్ళు వచ్చారు. ముహూర్తానికి చీర కావాలి. గంధంరంగు, ఎర్రంచు ఉన్నది వాళ్ళకు నచ్చింది. నేను లేచి కుచ్చిళ్ళు పెట్టుకుని, కొంగు భుజాన వేసుకున్నాను. అప్పుడు పెళ్ళికూతురి అవ్వ నా దగ్గరికి జరిగి, చెవిలో మెల్లగా అడిగింది.

"ఏం పాపా, బయటేం లేవు గదా?"

"ఉన్నానవ్వా, ఇయ్యాల రెండోరోజు" అన్నాను.

ఆ రోజు పొద్దుటి నుంచి కడుపునొప్పి. పెద్దావిడ, నా ముఖం చూసి కనిపెట్టింది కాబోలు, ఎవరో ఒకరు అడిగారు అనుకున్నాను. కాస్త సంతోషం కూడా కలిగింది. మా ఇంట్లో ఆ పట్టింపు లేదు. ఊళ్ళో కొందరు పాటిస్తారని తెలుసు గాని, ఏసీ పెట్టి, కార్డు గీకి బిల్లు కట్టే చోట అది ఉంటుందని నాకు తోచలేదు.

అవ్వ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఒక్కొక్కరే పరుపు మీది నుంచి లేచారు. "ఏందయ్యా ఇది? శుభమా అని వస్తే పిల్లను ఆ మాదిరిగా కూర్చోబెడతారా?" అని ఆమె కొడుకు గొంతు పెంచాడు. అన్న పరుగున వచ్చి దండాలు పెట్టాడు. చెంబులో పసుపునీళ్ళు తెప్పించి పరుపంతా చల్లించాడు. నా భుజం మీది చీర నేనే తీసి ఒక మూలన పెట్టాను. అప్పటికే వాళ్ళు మెట్లు దిగిపోయారు.

"ఈ నాలుగు దినాలు కిందనే ఉండమ్మా. తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. కాని లంగాల దగ్గర నన్ను చూసి, దుకాణంలో పనిచేసే మగపిల్లలందరికీ సంగతి తెలిసిపోయింది. నా వైపు చూడకుండా ఉండడానికి అందరూ తెగ కష్టపడ్డారు. నాకు నేల చీలితే బాగుండుననిపించలేదు. వాళ్ళందరి కింద చీలితే బాగుండుననిపించింది.

పైన నాతో కూర్చునే అక్క ఒకామె ఉంది. ముస్లింల ఆడకూతురు, పెళ్ళిచీరలు అమ్మడంలో తలపండింది. అన్నం వేళకు కిందికి వచ్చి నన్ను తిట్టింది.

"పిచ్చిదానా, ఎవరన్నా నిజం చెప్తారా? నెలనెలా నేను లేదనే చెప్తాండా. ఇంత పెద్దదానివైనావు, అదీ తెలీదా?"

పెద్దమనిషినైనప్పుడు ఎవరూ చెప్పని చదువు ఇది. గుడ్డ ఎట్లా పెట్టుకోవాలో చెప్పారు, ఎగరొద్దన్నారు, మగపిల్లలతో మాట్లాడొద్దన్నారు. అబద్ధం ఎప్పుడు ఆడాలో మాత్రం నేర్పలేదు.

ఆ సాయంత్రం అమ్మకు చెప్తే నాకంటే ఆమెకే ఎక్కువ మండింది. "కంది కోతకు పోయినప్పుడు ఏ ఆసామన్నా అడిగినాడా నన్ను? ఆ కందులే గదా వాళ్ళు పప్పు చేసుకొని తినేది, దేవునికి పెట్టేది!" అంది. పొయ్యిలో పుల్ల ఎగదోసి, "అయినా నువ్వు నోరు మూసుకోవాల్సింది. ఆ పని పోతే యాడికి పోతావు?" అంది. మొదటి మాటకు అమ్మ కాళ్ళు మొక్కాలనిపించింది. రెండో మాటకు అన్నం వదిలేసి లేచాను.

మరునాడు గిద్దలూరు నుంచి పెద్ద బేరం వచ్చింది. అన్న తానే మెట్లు దిగి నా దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, ఒక్కసారి పైకి రా."

"అన్నా, ఇంకా మూడోరోజే" అన్నాను.

"తెలుసులేమ్మా. ఆ పిల్ల అచ్చం నీ రంగే ఉండాది. రా."

పైన పరుపు మీద విప్పి ఉన్నది నిన్నటి చీరే. గంధంరంగు, ఎర్రంచు. దాని మీద ఒక్క చుక్క పసుపునీళ్ళు కూడా పడనివ్వలేదు, మరక అవుతుందని. నేను కట్టుకుని నిలబడ్డాను. ఫోనులో పెళ్ళికూతురు బాగుంది బాగుంది అంటోంది. ఆమె తల్లి నన్ను ఎగాదిగా చూసి, నన్ను కాకుండా అన్నను అడిగింది.

"ఏమీ లేదు గదా అన్నా? ముహూర్తం చీర."

నేను నోరు తెరిచేలోపే అన్న అందుకున్నాడు. "ఎంతమాటమ్మా! మన దుకాణంలో పద్ధతి పద్ధతే. ఆ దినాల్లో పిల్లలను పైకే రానీయం. కావాలంటే ఎవరినన్నా అడుగు, నిన్ననే ఒక పిల్లను కిందికి పంపించినాం."

నా పక్కనే నిలబడి నన్నే సాక్ష్యంగా చూపించాడు. నేను అద్దంలో నవ్వుతూ నిలబడ్డాను, అది ఉద్యోగంలో భాగం. చీర అమ్ముడుపోయింది. దానితోపాటు అత్తగారికి, ఆడబిడ్డలకు కూడా చీరలు తీసుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక అన్న చాలా ఉషారుగా ఉన్నాడు. "రేపట్నుంచి మళ్ళీ పైనే ఉండమ్మా" అన్నాడు.

నాకు కావలసింది దొరికింది. అయినా ఒళ్ళు మండిపోయింది. "మరి నిన్న నన్నెందుకు దించినావన్నా? ఇయ్యాలా అట్లనే ఉన్నా గదా" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు అట్ల ఉన్నందుకు కాదమ్మా దించింది. ఉన్నానని చెప్పినందుకు."

ఆ మాటకు రాత్రంతా ఏమేమో జవాబులు తోచాయి, అన్నీ మింగాను. పొద్దున్నే వెళ్ళి పరుపు మీద నా చోట్లో కూర్చున్నాను. ఇంకా దుకాణం తుడవడం కాకముందే ఎవరో పెళ్ళివాళ్ళు మెట్లెక్కి వచ్చారు. వాళ్ళలోని పెద్దావిడ నా పక్కకు జరిగి చెవి దగ్గరకు వంగింది. ఆమె అడగకముందే, "లేదవ్వా" అన్నాను.