వదిన లింకుల పేజీ

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఎవరికైనా మెయిల్ రాస్తే ఆస్పత్రిలో కేస్ షీటు రాసినట్టే ఉండేది. ముందు ఎవరం, తర్వాత ఏం పని, ఆ తర్వాత ఏం కావాలి. ఏళ్ళ తరబడి నర్సుగా చేసిన చెయ్యి మరి. ‘నమస్కారం. మేము బెంగళూరు మడివాళలో ఉండే ఇద్దరు ఆడవాళ్ళం. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళకు బ్లౌజులు కుడతాం. మీ సైటు లింకు మా పేజీలో పెట్టాం. అభ్యంతరం లేకపోతే మా లింకు మీ పేజీలో పెట్టండి.’ అంతే, కింద తన పేరు. నేను చదివి, “కాస్త తియ్యగా రాయరాదా వదినా” అంటే, “మందుచీటీలో చక్కెర యాల పిల్లా?” అనేది.

ఆ బ్లౌజు మొదట కుట్టింది ఆమె కోసమే. క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు. ఇంటికి వచ్చాక చెయ్యి పైకి లేవదు, పాత బ్లౌజు ఒక్కటీ పట్టదు. నైటీ మీద తువ్వాలు కప్పుకుని గదిలో కూర్చునేది. నాకు కుట్టుపని వచ్చు గనక ముందువైపు హుక్కులు, చంక దగ్గర వదులు, లోపల ఎడమవైపు మెత్తటి జేబు, ఆ జేబులో పెట్టుకోవడానికి ఒక దూది మెత్త, ఇలా ఒకటి తయారుచేశాను. మెత్త తేలిగ్గా ఉండి పైకి జరుగుతుంటే, బరువుకు కాసిన్ని ఆవాలు పోసి కుట్టమన్నది వదినే. తొడుక్కుని అద్దంలో చూసుకుని, “బాగుండాది” అంది. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆస్పత్రిలో పరిచయమైనవాళ్ళు మాకూ కావాలన్నారు. మా ఆయన తీరికవేళల్లో కూర్చుని ఒక చిన్న వెబ్‌సైటు చేసిపెట్టాడు.

బ్లౌజు బాగున్నా వదిన మాత్రం గడప దాటలేదు. చెకప్‌కి తప్ప ఎక్కడికీ రాదు. ఆదివారం మేమిద్దరం చర్చికి వెళ్తే తను ఫోన్లో ప్రసంగం వినేది. ఎవరైనా పలకరించడానికి వస్తే వాళ్ళ చూపు ముందు ఎక్కడికి పోతుందో తనకు తెలుసట. ఊళ్ళో వాళ్ళందరికీ సూది వేసి ధైర్యం చెప్పిన మనిషి అలా గోడవైపు తిరిగి పడుకుంటే, నాకు ఆమె మీద జాలి కంటే దేవుడి మీద కోపమే ఎక్కువ వచ్చేది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉండనీ, ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

సైటు అయితే పెట్టాం గానీ చూసేవాళ్ళు లేరు. వెతికితే ఎక్కడో అడుగున కనిపించేది. ఇతర సైట్లవాళ్ళతో లింకులు ఇచ్చిపుచ్చుకోండి, అక్కడికి వచ్చినవాళ్ళు ఇక్కడికీ వస్తారు, వెతికేటప్పుడూ మెల్లగా పైకి వస్తారు అని మా ఆయన చెప్పాడు. కూర్చుని చేసే పని గనక వదిన ఒప్పుకుంది. కానీ ఆమె పద్ధతి వేరు. లోకంలో అందరూ ముందు అడిగి, అవతలివాళ్ళు సరేనంటే పెడతారు. ఈమె ముందు పెట్టేసి తర్వాత చెబుతుంది.

“వాళ్ళు పెట్టకపోతే?” అన్నాను.

“ఒకరింటికి పోయేటప్పుడు ఒట్టి చేతుల్తో పోతామా? బిస్కెట్ పొట్లమో అరటిపండ్లో పట్టుకునే కదా పోయేది. ముందు మనం పెట్టాల.”

అలా మా లింకుల పేజీ నిండింది. జుట్టు రాలినవాళ్ళకు మెత్తటి టోపీలు అల్లే ఒకామె, రాగిమాల్ట్ పొడి చేసే ఒక జంట, మంచాలు, చక్రాల కుర్చీలు అద్దెకిచ్చే ఒక పెద్దాయన. కొందరు తిరిగి మా లింకు పెట్టారు. చాలామంది ఉలుకూ పలుకూ లేదు. నాకు ఒళ్ళు మండి, పెట్టనివాళ్ళను పీకేద్దామన్నాను. “తినిపోయినోళ్ళ కాడికి పోయి కక్కమంటామా?” అని వదిన నా మీదే కసిరింది. ఆ కసురు నాకు ఎంత బాగుందో చెప్పలేను. అది పాత వదిన గొంతు. టోపీల ఆమెతో ఫోన్లో గంటలు గంటలు కబుర్లు, మధ్యలో నవ్వులు. పైన పీజీ హాస్టల్లో ఉండే అమ్మాయిలు మెట్ల మీద ఆగి, “ఆంటీ ఇవాళ జోరుగా ఉన్నారే” అనేవారు.

ఒకరోజు వదిన మగ్గం వర్క్ పెళ్ళి బ్లౌజులు కుట్టే సైటు ఒకటి చూసి, దానికీ లింకు పెట్టేసింది. మనకూ పెళ్ళిబట్టలకూ ఏం పొత్తు అని నేను విసుక్కుంటే, నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

“ఆపరేషన్ అయినోళ్ళకు కూతుర్లు ఉండరా? ఆ కూతుర్లకు పెండ్లిండ్లు కావా?”

జవాబు ఆ సైటు నుంచి వచ్చింది. ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. మాది శుభకార్యాల వ్యాపారం, మీ పేజీలో మా పేరు ఉండటం మా కస్టమర్లకు బాగుండదు, దయచేసి తీసేయండి అని.

నేను చదివి గయ్యిమనే లోపే వదిన ఆ లింకు తీసేసింది. లాప్‌టాప్ మూసి నా ఒళ్ళో పెట్టి, “ఇంక నువ్వే సూసుకో” అని గదిలోకి వెళ్ళి మళ్ళీ తువ్వాలు కప్పుకుంది. టోపీల ఆమె ఫోన్ చేస్తే నిద్రపోతున్నానని చెప్పమంది. అన్నం తిన్నావా అంటే తిన్నాననేది, కంచం చూస్తే కలిపిన ముద్ద కలిపినట్టే ఉండేది. నాకు నిజంగా భయం వేసింది. సైటు ఉంటే ఎంత, పోతే ఎంత, నాకు కావలసింది మనిషి.

ఆ సైటు అడుగున హొసకోటె అడ్రసు ఉంది. మేం కుట్టిన బ్లౌజు ఒకటి సంచిలో వేసుకుని, ఇంట్లో బజారుకని చెప్పి, బస్సెక్కాను. హొసకోటె చేరేదాకా కోపం చల్లారకుండా కాపాడుకున్నాను. ఆ ట్రాఫిక్‌లో అదేమీ చిన్న పని కాదు.

కొట్టు మేడమీద ఉంది. ఓనరమ్మ నాకంటే బాగా పెద్దది, పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకుని ఒక ఎర్ర బ్లౌజు సరిచేస్తోంది. నేనెవరో చెప్పగానే సూదులు తీసి డబ్బాలో వేసింది.

“కూర్చోప్పా. బేజారు చేసుకోవద్దు. నా కాడికి వచ్చేది పెండ్లికూతుర్లు, వాళ్ళ అమ్మలు. ఆ జబ్బు పేరు సూస్తేనే హెదరిపోతారు. నేనేం చేసేది?”

“లింకు నొక్కితే ఆ జబ్బు అంటుకోదమ్మా,” అన్నాను. “మీరు తీసేయమన్నది మీ సైటు పేరు కాదు, మా వదిన్ని. ఆ రోజు నుంచి ఆమె అన్నం తినడం లేదు.” బ్లౌజు తీసి ఆమె బల్ల మీద పడేశాను.

ఆమె దాన్ని తిరగేసింది. జేబు లోపల వేళ్ళు పెట్టి చూసింది. చివరికి, “ఈ కుట్టు గాయం మీదికి వస్తుండాది. ఈడ ఒక మెత్తని పట్టీ వేసేది కదా,” అంది. ఎంత కోపంలో ఉన్నా ఆ మాట నిజమని తెలుస్తూనే ఉంది. తర్వాత బ్లౌజు మీద నుంచి చూపు తియ్యకుండానే, “సైటులో కొందరు ఆర్డర్ ఫారమంతా నింపి, కొలతల కాడికి వచ్చి నిలిచిపోతారప్పా. ఎందుకని నేనెప్పుడూ కేళ్ళేదు,” అంది. అడగలేదని కన్నడంలో అన్నదన్నమాట. కాఫీ తెప్పించింది. తాగి వచ్చేశాను. ఆమె ఏ మాటా ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఇంటికి వచ్చి, కూరగాయలేవీ అని వదిన అడగకపోవడం చూసి ఇంకా దిగులు పడ్డాను.

కొన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున నేను మిషన్ మీద ఉండగా సైటులో ఇచ్చిన నంబరుకు ఫోన్ మోగింది. చేతిలో గుడ్డ వదలడానికి లేదు. మోగీ మోగీ ఆగుతుందనుకుంటే, వదినే విసుగ్గా తీసింది. అవతల ఎవరో ఆడమనిషి, మాటలు నాకు వినపడలేదు. వదిన మాత్రం “ఆ... ఆ...” అంటూ లేచి కూర్చుంది.

“ఏ సైటులో సూసినావమ్మా?” అని అడిగి, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, లాప్‌టాప్ తెమ్మని నాకు సైగ చేసింది. పెళ్ళి బ్లౌజుల సైటులో కొలతల పేజీ తెరిచాను. ఛాతీ కొలత నింపే గడి కింద చిన్న అక్షరాలతో, ఇంతకుముందు లేని వాక్యం ఒకటి ఉంది. ‘రెండు వైపులా ఒకే కొలత లేనివారు సంకోచం వద్దు, ఈ అక్కతో మాట్లాడండి.’ దాని మీద నొక్కితే మా సైటు.

వదిన ఆ వాక్యం మీద వేలు పెట్టుకుని చదివింది. ‘ఈ అక్క’ దగ్గర వేలు ఆగిపోయింది. ఫోన్లో ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. అత్తిబెలెలో ఉంటుందట, కూతురి పెళ్ళట, ఆపరేషన్ అయిన దగ్గర నుంచి అద్దం చూసుకోలేదట, కొలత తీసుకోమంటే చేతులు ఆడటం లేదట.

“ఏడ్వొద్దు,” అంది వదిన. వార్డులో మాట్లాడే గొంతు అది. “నువ్వు అద్దం సూడొద్దులే. నేనే వచ్చి కొలుస్తా. నాకూ అట్లనే ఉండాది కదా, నా కాడ నీకు సిగ్గేంది?”

ఫోన్ పెట్టేసింది. నేను మిషన్ ఆపేశాను. ఆమె మొహం చూస్తే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని, కారు మాట్లాడతాను, గుమ్మం దగ్గర ఎక్కి గుమ్మం దగ్గర దిగవచ్చు, ఎవరూ చూడరు అని గబగబా చెప్పాను.

వదిన తువ్వాలు తీసి మడతపెట్టింది.

“కారు వద్దు పిల్లా, బస్సులో పోదాం. మనుషుల్ని సూసి శానా నాళ్ళయింది.”