గెలవకముందే కట్టిన ఫ్లెక్సీ

బస్సులో ముక్కూమొహం తెలియని ఒక అమ్మాయికి నేను జడలు విప్పిన సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మొయినాబాద్‌లో ఎక్కి నా పక్కన కూర్చుంది. బలమైన మనిషి. కింది పెదవి వాచి ఉంది. హెల్మెట్ జారకుండా తలకు అంటుకునేలా అల్లిన జడలను విప్పుకోబోయింది కానీ చేతులు పైకి లేవలేదు.

"అక్కా, జర ఇప్పుతవా? తల గుంజుతున్నది."

విప్పుతుంటే తనే చెప్పింది. కిక్‌బాక్సింగ్ టోర్నమెంటు నుంచి వస్తోందట. హెవీవెయిట్‌లో అమ్మాయిలు తక్కువ. ఎదురు నిలిచేవాళ్లు లేక ప్రతిసారీ కొట్లాడకుండానే బంగారు పతకం ఇచ్చేవారట. ఈసారి ఇంకో ముగ్గురు వచ్చారు. ఒక్క ఆట ఓడితే ఇంటికే. ఆమె మొదటిదే ఓడింది.

"మా బాపు పొద్దుగాలనే ఫ్లెక్సీ కట్టిచ్చిండక్కా, ఛాంపియన్ అని. మా ముడిమ్యాల సగం ఊరు చేవెళ్ల బస్టాండుల నిలబడ్డది."

"ఫోన్ చేసి చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? డప్పులోళ్లను గూడ మాట్లాడిండు."

ఇద్దరం నవ్వాం. నవ్వితే ఆమె పెదవి చిట్లి నెత్తురొచ్చింది.

చేవెళ్లలో బస్సు ఆగింది. ఫ్లెక్సీ మీద ఆమె ఫోటో, దాని కింద పూలదండ పట్టుకుని నిలబడ్డ వాళ్ల బాపు.

"జర నాతోని దిగరాదక్కా? మంచిగ కొట్లాడిందని బాపుకు ఒక్క మాట చెప్పు."

అంతమంది ముందు నాకు నోరు పెగలదు. తల దించుకున్నాను. ఆ మాట ఎలా చెప్పి ఉండాల్సిందో ఇప్పటికీ మనసులో అనుకుంటూ ఉంటాను.

దిగమని కండక్టర్ అరిచాడు. ఆమె లేచి, నా చేతి మీద మెల్లగా తట్టింది.

"ఏం గాదు తియ్యక్కా. నాకు గూడ దిగబుద్ధయితలేదు."