మిలిటరీ జీపు, మా నాన్న అనుమానం

మా చిన్నప్పటి రోజులు అనగానే నాకు ముందు కనిపించేవి... జీపు కింద నుంచి బయటికి చాచి ఉన్న మా నాన్న కాళ్ళు. తెల్ల పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి, మట్టిలో వెల్లకిలా పడుకుని, బండి అడుగున ఏదో తడుముతూ... "బుజ్జీ, ఆ తాళంచెవి ఇలా ఇవ్వమ్మా" అంటున్నారు.

ఎనభైల్లో మాట ఇది. సికింద్రాబాద్ అవతల ఓ వ్యాపారి ఉండేవాడు. మిలిటరీ వాళ్ళు తీసేసిన జీపుల్ని టోకున కొని, తన యార్డులో మళ్ళీ వేలం వేసేవాడు. పాటకి ముందురోజు బళ్ళు చూసుకోనిచ్చేవాళ్ళు. చూడ్డం వరకే... బ్యాటరీలు ఉండవు, స్టార్ట్ చేసి చూడ్డానికి లేదు. కొన్నాక ఇక అడగడానికీ లేదు.

మా మామిడితోట విస్సన్నపేట వైపు, వాగు దాటి లోపలికి. వాన పడిందంటే ఎడ్లబండి దిగబడిపోయేది. కోసిన కాయ చెట్ల కిందే మగ్గిపోయేది. నాలుగు చక్రాలూ లాగే జీపు ఉంటే కాయ అదేరోజు నూజివీడు చేరుతుందని మా బాబాయ్ పట్టు. తోట చూసుకునేది బాబాయే. నాన్న బడిలో తెలుగు మాస్టారు. రెండు కాపుల మీద మిగిలిందంతా తీసుకుని ఇద్దరూ బయల్దేరారు. రైలెక్కిస్తానని బాబాయ్ ఎప్పుడో మాటిచ్చాడు కాబట్టి... నేనూ!

మా నాన్నకి అనుమానం ఎక్కువండీ. పాలల్లో వేలు ముంచి చూసేవారు. రూపాయి బిళ్ళ గచ్చు మీద మోగించి గానీ జేబులో వేసుకునేవారు కాదు. జీపు అనుకున్నప్పటి నుంచీ సాయంత్రాలు బస్టాండ్ పక్క మెకానిక్ షెడ్డులో మేస్త్రి దగ్గర కూర్చుని, ఎక్కడెక్కడ మోసపోతామో అన్నీ అడిగి తెలుసుకున్నారు.

యార్డులో మాకో బ్రోకరు ఎదురొచ్చాడు. బాబాయ్‌కి విజయవాడలో పరిచయమట. సఫారీ సూటు, నోట్లో కిళ్ళీ... "మాస్టారూ, మిగతావి చూడక్కర్లేదండీ. ఇదిగో, పెళ్ళికూతురు!" అని ఒక జీపు చూపించాడు. నిజంగానే ఆకుపచ్చగా మెరిసిపోతోంది.

నాన్న దాని దగ్గరికెళ్ళి వాసన చూశారు. "పెయింటు కొత్తది. ఎందుకేసినట్టు?" అన్నారు.

మా ఇంటి తాళంచెవితో కింద గీకితే పెయింటు వెనక లప్పం రాలింది... లప్పం వెనక తుప్పు. బానెట్ ఎత్తించి, ఆయిల్ చూసే పుల్ల పైకి లాగారు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీలా ఉంది.

"ఇంజన్‌లోకి నీళ్ళు దిగాయి."

"అబ్బే, తేమండీ. ఆరుబయట ఉంటాయి కదా!" అని నవ్వాడు బ్రోకరు. నవ్వుతూనే బాబాయ్ భుజం మీద చెయ్యేసి టీ బడ్డీ వైపు తీసుకెళ్ళాడు. నాన్న పుల్ల చేత్తో పట్టుకుని అటే చూస్తున్నారు...

బాబాయ్ తిరిగొచ్చి, "ఇదే పాడదాం అన్నయ్యా. కాస్త రిపేరు చేయిస్తే సరిపోద్దంట" అన్నాడు.

"ఏరా ప్రసాదూ... నీకేమన్నా ఇస్తానన్నాడా?"

బాబాయ్ మొహం ఒక్కసారిగా మాడిపోయింది. వాళ్ళిద్దరూ అలా మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. భయమేసి నాన్న పంచె పట్టుకున్నాను. బాబాయ్ గిరుక్కున తిరిగి వెళ్ళి, బ్రోకరుని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు.

"మా అన్నయ్య ముందు చెప్పండి. నాకేం చెప్పారు మీరు?"

బ్రోకరు నీళ్ళు నమిలాడు. "మామూలేగదండీ... పాటయ్యాక మిమ్మల్నీ చూసుకుంటానన్నాను..."

"విన్నావుగా. అన్నాడు. నేను ఊ అనలేదన్నయ్యా..." బాబాయ్ గొంతు తగ్గింది. "ఉహూ అని కూడా అనలేదు. బండి బావుందనే అనుకున్నా."

నాన్న కండువాతో చేతులు తుడుచుకుని తాళంచెవి బాబాయ్ చేతిలో పెట్టారు. "రేపు పాట నువ్వే పాడు. ఏ బండో నువ్వే చూడు. నేనడగను."

ఆ సాయంత్రం బాబాయ్ ఎన్ని జీపుల కింద దూరాడో! చొక్కా అంతా గ్రీజు. చివరికి ఒక మూల సొట్టలు పడి, టాపు చిరిగిపోయిన దాని దగ్గర ఆగాడు. అడుగున ఎక్కడ కొట్టినా ఖణేల్‌మంది. ఆయిల్ నల్లగానే ఉంది, నీళ్ళ జాడ లేదు. మర్నాడు పాటలో దానికి పెద్దగా పోటీ లేదు... మాకే వచ్చింది. ఆ పెళ్ళికూతుర్ని ఎవరో పొరుగూరాయన పోటీపడి పాడుకున్నాడు. దాన్ని లారీకి తాడు కట్టి గేటు దాటించడం మేం కళ్ళారా చూశాం.

మాది కొత్త బ్యాటరీ పెట్టగానే రెండు దగ్గులు దగ్గి స్టార్టయింది! దారిపొడవునా నాన్న చెవి బయటపెట్టి ఇంజన్ చప్పుడు వింటూనే ఉన్నారు. హనుమాన్ జంక్షన్ దగ్గర మలుపు తిరిగేసరికి వెనక నుంచి టకటకా మోత మొదలైంది.

"ఏదో మోగుతోంది కదన్నయ్యా?" అన్నాడు బాబాయ్ బిక్కుబిక్కుమంటూ.

"నాకేం వినపళ్ళేదురా. పోనియ్" అన్నారు నాన్న... నాకు వినపడింది. రోడ్డు మీద పోయేవాళ్ళకీ వినపడింది!

ఆ వేసవిలో గాలివాన కొట్టినప్పుడు ఆ జీపే వాగు దాటించి కాయంతా నూజివీడు చేర్చింది. మోత మాత్రం ఎన్ని రిపేర్లు చేయించినా పోలేదు.

నాన్న లేరిప్పుడు. బాబాయ్ కూడా... తోట వాళ్ళ పిల్లలం మా అందరి వాటాలయ్యింది. ఫోన్లో ఫొటో చూసి బండి కొనేస్తున్నాం. మాకూ ఒకరి మీద ఒకరికి అనుమానాలొస్తాయండీ... కానీ నాన్నలా మొహం మీద అడగం. ఫోన్ చేయడం మానేస్తాం.

మీ ఇంట్లోనూ ఉండేవారా, అన్నిటినీ అనుమానించే పెద్దవాళ్ళు? చెప్పండి... వినాలనుంది.