వెనక సీటు నియమం

బడి వ్యాను నడిపే ఆమెను పిల్లలు బ్రేకులత్త అంటారు. అనుమానం ఆమెకు పుట్టుకతో అబ్బిన విద్య. పెట్రోలు బంకులో మీటరు సున్నా చూపితే గాని ట్యాంకు మూత తియ్యనివ్వదు. మెకానిక్కు మాటకన్నా తన చెవినే నమ్ముతుంది. భర్త పోయాక ఆమెకు అన్నం పెట్టింది ఆ గుణమే.

అలాంటి మనిషి కంట్లో ఫోటోగ్రాఫరు కూతురు పడింది. అందరికన్నా ముందు, ఇంటి గుమ్మంలోనే ఎక్కవలసిన పిల్ల, కొన్నాళ్లుగా చివరి స్టాపుదాకా నడిచివచ్చి ఎక్కుతోంది. సాయంత్రం వ్యాను ముఖమే చూడదు. ఎవడైనా వెంటపడుతున్నాడేమోనని బ్రేకులత్త ఆ దారంతా గాలించింది. ఎవరూ లేరు.

"ఏమో అక్కా, బడి మానేస్తానంటోంది. కడుపునొప్పట. డాక్టరేమో ఏం లేదంటాడు," అన్నాడు తండ్రి, ఆమె వెళ్లి అడిగితే.

మర్నాడు చివరి స్టాపులో ఆ పిల్ల ఎక్కగానే వెనక మూల నుంచి పై తరగతి పొడుగుపిల్ల ఒకతె పిలిచింది.

"చోటు ఉంచానే, రా."

"ఎందుకే అంత ప్రేమ?" అంది బ్రేకులత్త.

"ఫ్రెండు కదత్తా."

తేనె పూసిన ఆ గొంతు వినగానే ఫోటోగ్రాఫరు కూతురు తలుపు పక్కనున్న కమ్మీని బిగించి పట్టుకుంది.

బడి దగ్గర అందరూ దిగాక ఆ పిల్లను ఆపింది బ్రేకులత్త. "ఎవరేం చేశారని అడగనులే. ఎక్కడ కూచుంటే కడుపునొప్పి రాదో అది చెప్పు."

ఆ పిల్ల డ్రైవరు వెనక సీటు చూపించింది. తర్వాత చొక్కా చెయ్యి పైకి లాగింది. అన్నీ గోటి గుర్తులే.

ముందు ఎక్కినవాళ్లు వెనక మూలకు పోవాలన్న నియమం బ్రేకులత్త పెట్టిందే. ఒకరినొకరు దాటనక్కర్లేదని పెట్టిన ఆ ఏర్పాటు, రోజూ ఈ పిల్లను రెండో స్టాపులో ఎక్కే పొడుగుపిల్లకు మూలలో అప్పగించింది. ఊరందరినీ అనుమానించింది గాని తన నియమాన్ని అనుమానించలేదు. కంచే చేను మేసింది.

డ్రైవరు వెనక సీటు ఇక నీదేనని పిల్లకు మాటిచ్చి, ఆ పూటే సంగతి హెడ్మాస్టరుకు చెప్పింది. పొడుగుపిల్ల తల్లి ఫోనులో బ్రేకులత్త మీద విరుచుకుపడింది. "మా అమ్మాయి మీద నిందలా?"

"నింద కాదమ్మా, గాయం. రేపు హెడ్మాస్టరు గదికి మీరూ రండి, చూద్దురుగాని."

మర్నాడు పొద్దున ఫోటోగ్రాఫరు ఇంటి ముందు వ్యాను ఆగింది. ఇంటి తలుపు తెరుచుకోలేదు. బ్రేకులత్త హారను కొట్టకుండా ఎదురుచూసింది. చివరికి పిల్ల వచ్చింది. ఎక్కలేదు. కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, డ్రైవరు వెనక సీటు నిజంగా ఖాళీగా ఉందో లేదో తేల్చుకుంది. వెనక మూల కూడా చూసింది.

బ్రేకులత్త నొచ్చుకోలేదు. పెద్దలను అంత తేలిగ్గా నమ్మకపోవడం ఆ పిల్ల హక్కు. "తీరిగ్గా చూసుకో తల్లీ," అని ఇంజను ఆపేసింది.