లచ్చవ్వ అనుమానం

డయాలసిస్ గది తలుపు తీయగానే మిషన్లు కడిగిన మందు ఘాటు ముక్కుకు తగులుతుంది. ఆ వాసనకు నాకు లచ్చవ్వే గుర్తొస్తుంది. మహబూబాబాద్‌లో నా పక్క మంచం ఆమెది. గూడూరులో కూరగాయలు అమ్మి బతికిన మనిషి. ఎవరినీ నమ్మేది కాదు. కొత్త ట్యూబుల కవరు తన కళ్లముందే చింపాలి. బరువు చూసే మిషన్ మీద ముందు నన్ను నిలబెట్టి, తర్వాతే తానెక్కేది. "గంతగనం నవ్వుతున్నదంటే ఏదో ఉన్నది" అని నర్సమ్మను కూడా అనుమానించేది. పాపం, ఆ పిల్లది నవ్వు ముఖమే. నాకు చిరాకేసేది.

రెండు కిడ్నీలూ పోయిన నాకు మార్పిడి ఒక్కటే దారి. ఆపరేషన్ సర్కారు పథకంలో అవుతుందన్నారు, కానీ కిడ్నీ ఇచ్చే మనిషి కావాలి కదా. చనిపోయినవారి కిడ్నీ కోసం హైదరాబాద్‌లో పేరు రాయించి ఎదురుచూస్తున్నాను. అమ్మకు షుగరు, పనికిరాదన్నారు. అప్పుడు ఘనపూర్ నుంచి చెల్లెలు సరిత వచ్చి "నేనిస్తనే అన్నా" అంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. లచ్చవ్వకు చెప్పాను.

"ఎవరి ముందర అన్నది?" అంది, పడుకున్నచోటు నుంచే.

"అమ్మ, సరిత పెనిమిటి, అందరం ఉన్నం."

"గట్ల అందరి నడుమ కూసోబెడితే ఎవలు కాదంటరు? నా బిడ్డ గూడ గిట్లనే ఇస్తనన్నది. నా దిక్కు చూడకుంట అన్నది. నాకొద్దన్న."

నాకు ఒళ్లు మండింది. తనకు దక్కనిది నాకు దక్కుతోందని కడుపుమంటేమో అనుకున్నాను. ఆమె దగ్గర నేర్చిన అనుమానం ముందు ఆమె మీదికే పోయింది.

పరీక్షలకు పోయే ముందు సరిత ఒకరోజు నాతో డయాలసిస్‌కు వచ్చింది. లచ్చవ్వది ముందే అయిపోయింది. సరితను వరండాలోకి తీసుకుపోయింది. గాజు తలుపు అవతల ఇద్దరూ కనబడుతున్నారు, మాట వినబడటం లేదు. సూదులు గుచ్చిన చెయ్యి కదపలేక పడుకుని చూశాను. సరిత తలూపుతోంది.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు సరితతో ఒంటరిగా మాట్లాడాడు. తర్వాత నన్ను పిలిచి, ఆమె ఇవ్వడం కుదరదన్నాడు. ఎందుకని అడిగితే, అది డాక్టర్ల నిర్ణయం అన్నాడు, అంతే. సరిత ఏడ్చింది. తిరుగు బస్సులో మాత్రం జనగామ రాకముందే నా భుజం మీద ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

"మా చెల్లెకు ఏం చెప్పినవ్?" అని లచ్చవ్వను నిలదీశాను.

"డాక్టరు నిన్నొక్కదాన్నే అడుగుతడు, గప్పుడు మనసుల ఉన్నది చెప్పు, వద్దంటే ఆయన తన మీదేసుకుంటడు అన్న. గంతే."

"మరి వద్దన్నదా?"

"నేనడగలే. నువ్వు గూడ అడగకు."

ఆ ఎండాకాలంలోనే లచ్చవ్వ పోయింది. నా పేరు హైదరాబాద్‌లో ఇంకా వరుసలోనే ఉంది. కిడ్నీ ఇప్పిస్తామని ఫోన్ చేసేవాళ్లను లచ్చవ్వలాగే అడ్డంగా ప్రశ్నలడిగి ఫోన్ పెట్టేస్తాను. సరితను మాత్రం అడగలేదు. డాక్టరు మాట నిజమే కావచ్చు, కాకపోవచ్చు. నాకు బతకాలని ఉంది, ఆ సంగతి సరితకూ తెలుసు. వచ్చినప్పుడల్లా ముఖంలోకి చూస్తాను.

"ఏందన్నా, గట్ల చూస్తున్నవ్?" అంటుంది.

ఆ ప్రశ్న నోటిదాకా వస్తుంది.

"ఏం లేదే. ఎండల పడి వచ్చినవ్, జర కూసో" అంటాను.